అరిగిన పళ్లకు పింగాణీ మరమ్మతు

పంటి పైపొర ఎనామిల్. మనిషి శరీరంలో ఇంతకంటే గట్టి పదార్థం మరొకటి లేదు. బరువులో 96 శాతం ఖనిజమే; మిగిలింది నీరు, కొద్దిపాటి మాంసకృత్తులు. ఇంత గట్టి పదార్థానికీ ఒక లోటుంది. ఎముక విరిగితే అతుక్కుంటుంది, చర్మం తెగితే పూడుకుంటుంది, ఎనామిల్ పోతే మాత్రం తిరిగి రాదు. దాన్ని నిర్మించిన కణాలు పన్ను చిగురును చీల్చుకుని బయటపడే నాటికే నశించిపోతాయి. ఆ తరువాత లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు మెత్తబడిన పైభాగాన్ని కొంత గట్టిపరచగలవు తప్ప, పోయిన మందాన్ని తెచ్చిపెట్టలేవు. దవడ పళ్ల శిఖరాల మీద, అంటే ఈ పొర అన్నిటికంటే మందంగా ఉండే చోట కూడా, దాని మందం సుమారు రెండున్నర మిల్లీమీటర్లే. చిగురు దగ్గరికి వచ్చేసరికి బాగా పలచబడిపోతుంది.

ఎనామిల్ కింద ఉండేది డెంటిన్. అందులో ఖనిజం 70 శాతమే. రంగు పసుపు. కంటికి కనిపించని సన్నటి నాళాలు వేల సంఖ్యలో దాని గుండా లోపలి నరం వైపు సాగుతాయి. పైపొర ఉన్నంత వరకు ఆ నాళాలకు మూత ఉన్నట్టే. పొర అరిగి డెంటిన్ బయటపడిందంటే చల్లనీళ్లు తాగినా, మామిడికాయ ముక్క కొరికినా పన్ను జివ్వుమంటుంది. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది. డెంటిన్ మెత్తన కాబట్టి ఎనామిల్ కన్నా చాలా తొందరగా అరుగుతుంది. అందుకే ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగిన అరుగుదల, డెంటిన్ తగిలిన నాటి నుంచి వేగం పుంజుకుంటుంది.

దవడ పన్నును దగ్గరగా చూస్తే ఈ క్రమం తెలిసిపోతుంది. ముందుగా శిఖరం కొన మీద ఆవగింజంత పసుపు చుక్క కనిపిస్తుంది. కొన్నాళ్లకు ఆ చుక్క చిన్న గుంట అవుతుంది. చుట్టూ ఎనామిల్ అంచు పదునైన గట్టుగా మిగులుతుంది. నాలుక ఊరకుండక ఆ అంచును పదే పదే తడుముతుంటుంది. గుంటలు ఒకదానితో ఒకటి కలిసిపోయాక పన్ను పైభాగమంతా పసుపుగా, చదునుగా తయారవుతుంది. ఎప్పుడో వేయించుకున్న వెండి ఫిల్లింగు ఉంటే, అది చుట్టూ ఉన్న పంటి కన్నా ఎత్తుగా నిలబడి కనిపించడం కద్దు. ఫిల్లింగు పైకి లేచిందేమీ కాదు. చుట్టూ ఉన్న పన్ను ఆమ్లానికి కరిగి కిందికి దిగిపోయింది. ఆ ఒక్క దృశ్యం దంత వైద్యుడికి రోగ చరిత్రలో సగం చెప్పేస్తుంది. ముందు పళ్లలోనైతే అంచు పలచబడి, వెలుగు అవతలికి కనిపించేంత సన్నబడి, చిన్న చిన్న పెళ్లలుగా రాలుతుంది. పన్ను కురచవుతుంది. నవ్వినప్పుడు పై పళ్లు కనిపించడం మానేస్తాయి.

వయసుతో పాటు పళ్లు కొంత అరగడం సహజమే. అరవై ఏళ్ల మనిషికి ఇరవై ఏళ్లనాటి పళ్ల అంచులు ఉండవు, ఉండాల్సిన పనీ లేదు. జివ్వుమనడం, నమలలేకపోవడం, పళ్ల అంచులు తరచూ విరగడం, వయసుకు మించి పన్ను కరిగిపోవడం కనిపించినప్పుడే అది చికిత్స కోరే జబ్బు.

పన్ను అరగడానికి దారులు ప్రధానంగా మూడు. మొదటిది పన్నుకు పన్ను రాసుకోవడం. నిద్రలో పళ్లు కొరికే అలవాటు ఉన్నవారిలో పై పన్ను మీద, కింది పన్ను మీద ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు సరిపోయే నున్నటి, మెరిసే పలకలు ఏర్పడతాయి. తెల్లవారి లేచేసరికి దవడలు, కణతలు నొప్పెట్టడం, పక్కన పడుకున్నవారికి రాత్రిళ్లు కిరకిర శబ్దం వినిపించడం దీని గుర్తులు. పిల్లలు పళ్లు కొరికితే కడుపులో నులిపురుగులున్నాయని తెలుగు ఇళ్లలో పెద్దలు అనడం పరిపాటి. పెద్దవారి విషయంలో మాత్రం వైద్యులు ఆరా తీసేది నిద్ర, గురక, మానసిక ఒత్తిడి, వాడుతున్న కొన్ని రకాల మందుల గురించి. రోజంతా వక్క నమిలేవారికి నిద్రతో పని లేకుండానే దవడ పళ్లు చదునైపోతాయి.

రెండోది బయటి వస్తువుల రాపిడి. కచ్చిక, ఇటుకపొడి, బొగ్గుపొడి, ఉప్పు వేలికి అద్దుకుని ఏళ్ల తరబడి గట్టిగా తోమినవారి పళ్లు బయటివైపు అరిగి, చిగురు పైన అడ్డంగా గాడి పడి ఉంటాయి. ఈ పొడులు పోయి బ్రష్షు వచ్చాక గాడి పడడం ఆగిందా అంటే అదీ లేదు. గట్టి కుచ్చు బ్రష్షుతో అడ్డదిడ్డంగా బలం కొద్దీ రుద్దినా జరిగేది అదే.

మూడోది ఆమ్లం. ఈ రోజుల్లో పడుచు వయసువారి పళ్లు అరగడానికి దీని పాత్ర తక్కువేమీ కాదు. నోటిలోని ద్రవం పీహెచ్ సుమారు 5.5 కన్నా దిగితే ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5; కోలా పానీయాలు కూడా 2.5 దరిదాపుల్లోనే ఉంటాయి. భోజనంలో చింతపండు పులుసు పోసుకుంటే పళ్లు కరిగిపోతాయని దీని అర్థం కాదు. అన్నంతో పాటు వెళ్లే పులుపును లాలాజలం కొద్ది నిమిషాల్లో సర్దేస్తుంది. ముప్పు తెచ్చేది రోజంతా గుక్క గుక్కగా చప్పరించే శీతల పానీయం, పరగడుపున నోట్లో నిలిపి తాగే నిమ్మరసం. వీటన్నిటినీ మించినది కడుపులోంచి పైకి తన్నుకొచ్చే ఆమ్లం. దాని పీహెచ్ 1 నుంచి 2. పుల్లటి తేన్పులతో, గుండెల్లో మంటతో ఏళ్లుగా బాధపడేవారికీ, పదే పదే వాంతులు చేసుకునేవారికీ పై ముందు పళ్ల లోపలివైపు, అంటే అంగిలివైపు, నున్నగా కరిగిపోతుంది. అద్దంలో చూసుకున్నా కనిపించని చోటు కాబట్టి ముదిరే దాకా తెలియదు. కడుపు జబ్బును దంత వైద్యుడే మొదట పసిగట్టడం ఇలాంటి సందర్భాల్లోనే.

తెలుగు నేలకు మరో సమస్య ఉంది. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడు మించి వచ్చే జబ్బు, గురించి 1937లోనే వైద్య పత్రికలో నివేదిక వెలువడింది. నల్గొండ జిల్లా సంగతి చెప్పనవసరం లేదు. పన్ను తయారయ్యే వయసులో ఫ్లోరైడు మోతాదు మించిన నీళ్లు తాగితే ఎనామిల్ లోపల బోలుగా, సందులతో తయారవుతుంది. అలాంటి పన్ను మొలిచినప్పుడు పూర్తి ఆకారంతోనే ఉంటుంది. నమలడం మొదలయ్యాక పైపొర గుంటలుగా ఊడి, తొందరగా అరుగుతుంది. గోధుమరంగు మచ్చలు అందరికీ తెలిసిన లక్షణమే, ఈ అరుగుదల అంతగా పట్టించుకోనిది.

ఒకే నోటిలో ఈ కారణాలు రెండో మూడో కలిసి ఉండడమే ఎక్కువ. ఆమ్లం మెత్తబరుస్తుంది, రాత్రి కొరకడం ఆ మెత్తని పొరను గీకేస్తుంది. ఏది ఎంత అన్నది తేల్చకుండా పళ్లకు పింగాణీ, అంటే సిరామిక్, తొడుగులు వేయడం తొందరపాటు. పళ్లు కొరికేవారి నోట్లో తొడుగు పగులుతుంది. ఆమ్లం ఆగని నోట్లో తొడుగుకేమీ కాదు, దాని అంచు కింద ఉన్న పన్ను కరిగిపోతుంది. చక్కని తొడుగు చుట్టూ గాడి పడి అది చేతికి ఊడి వస్తుంది. అందుకే మంచి వైద్యుడు మొదటి రోజున పళ్లు గీకే యంత్రం జోలికి పోడు. తిండి అలవాట్లు అడుగుతాడు, ఫొటోలు తీస్తాడు, పళ్ల అచ్చులు తీసి దాచిపెడతాడు, అవసరమైతే కడుపు వైద్యుడి దగ్గరికో నిద్ర పరీక్షకో పంపిస్తాడు. ఆరు నెలల తరువాత కొత్త అచ్చును పాత అచ్చుతో పోల్చి చూస్తే అరుగుదల ఆగిందో లేదో తెలుస్తుంది.

కారణం తేలాక ఎదురయ్యేది జాగా సమస్య. పన్ను రెండు మిల్లీమీటర్లు అరిగింది కాబట్టి అక్కడ రెండు మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుందనీ, ఆ ఖాళీలో సిరామిక్ పెడితే సరిపోతుందనీ ఎవరికైనా అనిపిస్తుంది. నోటిలో అలా జరగదు. పన్ను నెమ్మదిగా అరిగే కొద్దీ దాని వేరు, చుట్టూ ఉన్న ఎముక, చిగురు కలిసి పైకి జరుగుతాయి. పై పన్ను, కింది పన్ను ఎప్పుడూ తగులుతూనే ఉంటాయి. కురచ పళ్లు, వాటి మధ్య ఖాళీ మాత్రం సున్నా. పాత పద్ధతిలో దీనికి దొరికిన జవాబు మిగిలిన పన్నునే ఇంకా గీకి జాగా చేయడం. అప్పటికే సగం పోయిన పన్నును మరింత గీకితే పట్టు దొరకదు, నరం దగ్గరవుతుంది, చివరికి రూట్ కెనాల్ తప్పదు. అరిగిన పళ్ల చికిత్సలో జరిగే నష్టాల్లో ఎక్కువ పాలు ఇక్కడే జరుగుతుంది.

దీనికి వేరే దారి చూపినవారిలో నార్వే దంత వైద్యుడు బ్యోర్న్ డాల్ ముఖ్యుడు. 1975లో ఆయన, ఆయన సహచరులు పై ముందు పళ్ల లోపలివైపు అమరే చిన్న లోహపు పలకను వాడిన పద్ధతిని ప్రచురించారు. పలక పెట్టగానే ముందు పళ్లు మాత్రమే తగులుతాయి, వెనక దవడ పళ్లు విడిపోతాయి. కొన్ని నెలలు గడిచేసరికి ముందు పళ్లు కొంచెం లోపలికి దిగి, వెనక పళ్లు కొంచెం పైకి వచ్చి మళ్లీ కలుసుకుంటాయి. పలక తీసేస్తే దాని మందం మేర ముందు పళ్లకు జాగా మిగులుతుంది. ఒక్క పన్నునూ గీకకుండా జాగా సంపాదించడం దీని గొప్పతనం. ఇప్పుడు లోహపు పలకకు బదులు కాంపోజిట్ అనే పంటి రంగు ఫిల్లింగు పదార్థాన్ని నేరుగా అరిగిన పళ్ల మీదే అతికించి అదే ఫలితం రాబడుతున్నారు.

నోటినిండా పళ్లు అరిగినప్పుడు రెండో మార్గం, పై దవడకూ కింది దవడకూ మధ్య దూరాన్నే పెంచడం. పళ్లు కలవకుండా తీరికగా కూర్చున్నప్పుడు పై, కింది పళ్ల మధ్య సాధారణంగా 2 నుంచి 4 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ఎంత పెంచాలన్న దానికి ఆ సందు ఒక ఆధారం, ముఖాకృతి మరొకటి, మాట ఇంకొకటి. స, శ అక్షరాలు పలికేటప్పుడు పై, కింది ముందు పళ్లు దగ్గరికి వస్తాయి కానీ తగలవు. కొత్త ఎత్తులో ఆ అక్షరాలు పలుకుతుంటే పళ్లు టక్కుమని తగిలాయంటే ఎత్తు మించిందన్నమాట. దవడ కీలు వెనక ఉంటుంది కనుక ముందు పళ్ల దగ్గర మూడు మిల్లీమీటర్లు తెరిస్తే వెనక దవడ పళ్ల దగ్గర దొరికేది సుమారు ఒక మిల్లీమీటరే. ఈ లెక్క తెలియక వెనక పళ్లకు మందమైన సిరామిక్ రాయడం, తరువాత జాగా చాలక పన్ను గీకడం జరుగుతుంటాయి.

కొత్త ఎత్తు, కొత్త ఆకారం ముందు మైనంలో తయారవుతాయి. పళ్ల అచ్చులను దవడ కదలికలను అనుకరించే యంత్రం మీద బిగించి, ల్యాబు నిపుణుడు అరిగిన పళ్ల మీద మైనం పోసి పూర్వపు ఆకారం తెస్తాడు. ఇప్పుడు చాలాచోట్ల ఈ పని కంప్యూటరు తెర మీద సాగుతోంది. ఆ మైనపు ఆకారానికి సిలికాన్‌తో మూస తీసి, అందులో పంటి రంగు ప్లాస్టిక్ పోసి, నోట్లో పళ్ల మీద నొక్కితే కొద్ది నిమిషాల్లో కాబోయే పళ్లు కనిపిస్తాయి. ఒక్క పన్ను కూడా గీకక ముందే రోగి అద్దంలో చూసుకుని పొడవైందనో, పెదవికి తగులుతోందనో చెప్పవచ్చు. చికిత్సలో ఇంత చవకైన, ఇంత విలువైన మెట్టు మరొకటి లేదు. దీన్ని చూపించకుండా నేరుగా కొలతలు తీసుకునే చోట రోగి ఒకసారి ఆలోచించుకోవడం మంచిది. ఎత్తు పెంచిన వారికి తాత్కాలిక పళ్లను వారాల నుంచి నెలల పాటు ఉంచి, కండరాలు, కీలు, మాట అలవాటు పడ్డాయని రూఢి చేసుకున్నాకే అసలు సిరామిక్ పని మొదలవుతుంది.

ఆ సిరామిక్ నేటి రూపానికి రావడానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. 1774 ప్రాంతంలో ఫ్రాన్సులో అలెక్సిస్ దుషాతో అనే మందుల తయారీదారు, తన నీటిగుర్రపు దంతం కట్టుడు పళ్లు వాసన పట్టడంతో విసిగిపోయి, పారిస్ పింగాణీ కార్ఖానాలో పళ్ల సెట్టు కాల్పించుకున్నాడు. మట్టి కాలినప్పుడు కుంచించుకుపోవడం ఆయనకు తలనొప్పి తెచ్చింది. దంత వైద్యుడు నికొలా దుబ్వా ద షెమాఁ ఆ పనిని మెరుగుపరిచి, లండన్ చేరి, అక్కడ పింగాణీ పళ్ల వ్యాపారం చేశాడు. ఒక్కో పన్నుకు తొడిగే పింగాణీ తొడుగు 1880ల చివరలో అమెరికాలోని డెట్రాయిట్‌లో దంత వైద్యుడు చార్లెస్ ల్యాండ్ చేతిలో రూపుదిద్దుకుంది. పలచటి ప్లాటినం రేకును పన్ను అచ్చు మీద అదిమి, దాని మీద పింగాణీ పొడి అద్ది కాల్చేవాడాయన. ఆ తొడుగులు చూడముచ్చటగా ఉండేవి, గట్టిగా కొరికితే పగిలేవి.

పగలకుండా కనిపెట్టిన మొదటి మందు లోహం. 1962లో వైన్‌స్టీన్ బృందం పేరిట వచ్చిన పేటెంట్లు, బంగారు మిశ్రమం ఎంత వ్యాకోచిస్తే అంతే వ్యాకోచించే పింగాణీని ఇచ్చాయి. లోహపు తొడుగు మీద పింగాణీ పొరలు కాల్చి వేసే మెటల్ సిరామిక్ క్యాపు అలా పుట్టింది. తెలుగు ఊళ్లలో నేటికీ ఎక్కువగా వేసే క్యాపుల్లో అదొకటి. దానికి లోహానికి, పింగాణీకి కలిపి ఒకటిన్నర మిల్లీమీటర్లో రెండు మిల్లీమీటర్లో జాగా కావాలి. చిగురు దిగితే నల్లటి గీత బయటపడుతుంది. అరిగిన పళ్లకు ఈ రెండూ ఇబ్బందే.

అసలు మలుపు సిరామిక్‌లో కాదు, అతుకులో వచ్చింది. 1955లో అమెరికాలో దంత వైద్యుడు మైఖేల్ బ్యూనకోర్, లోహానికి రంగు బాగా పట్టడానికి కర్మాగారాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారని గమనించి, అదే ఆమ్లాన్ని ఎనామిల్ మీద ప్రయోగించాడు. ఆమ్లం పూసి కడిగితే ఎనామిల్ మీద సూక్ష్మమైన గుంటలు పడతాయి. ద్రవ రూపంలోని రెజిన్ అనే ప్లాస్టిక్ జాతి జిగురు వాటిలోకి పాకి గట్టిపడి పట్టుకుంటుంది. 1983లో పరిశోధకులు పింగాణీ లోపలివైపునూ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ఇలాగే గరుకు చేసి, సిలేన్ అనే రసాయనం పూసి, ఆ రెజిన్‌తోనే పంటికి అతికించవచ్చని చూపారు. విడిగా ఉన్నప్పుడు వేళ్ల మధ్య విరిగిపోయే అర మిల్లీమీటరు పింగాణీ పలక, ఎనామిల్‌కు అతుక్కున్నాక పంటితో కలిసి బరువు మోస్తుంది. హాలీవుడ్ నటుల పళ్లకు దంత వైద్యుడు చార్లెస్ పింకస్ 1930లలో ఇలాంటి పలకలే పెట్టాడు. అప్పట్లో అతుకు లేదు కాబట్టి చిత్రీకరణ అయ్యాక తీసేయాల్సి వచ్చేది.

అతుకు కుదిరాక పన్నును బుడిపెలా చెక్కాల్సిన అవసరం తగ్గింది. పూర్తి క్యాపు కోసం పన్నును చెక్కితే చిగురు పైన కనిపించే భాగంలో బరువు లెక్కన 63 నుంచి 72 శాతం పోతుందని 2002లో ప్రచురితమైన ఒక కొలత తేల్చింది. పైపైన అతికించే పలకలకు పోయేది 3 నుంచి 30 శాతం. అరిగిన పన్ను ఇప్పటికే పోగొట్టుకున్నది చాలు. జెనీవాలో దంత వైద్యులు ఫ్రాంచెస్కా వైలాటి, ఉర్స్ బెల్సర్ ఆమ్లానికి కరిగిన ముందు పళ్లకు లోపలివైపు కాంపోజిట్ పలక, బయటివైపు సిరామిక్ పలక వేసి, మధ్యలో మిగిలిన పన్నును కాపాడే పద్ధతిని 2008 నుంచి వరుసగా ప్రచురించారు. దవడ పళ్లకు నమిలే భాగం మాత్రమే కప్పే సిరామిక్ పలకలు సరిపోతాయి. చుట్టూ ఎనామిల్ అంచు ఉంగరంలా మిగిలి ఉంటే అతుకు బాగా నిలుస్తుంది. అంతా డెంటినే అయితే అతుకు కొంత బలహీనం. ఫ్లోరోసిస్ ఉన్న ఎనామిల్ ఆమ్లానికి అంత తేలిగ్గా లొంగదు, అందుకే పైపొరను కొద్దిగా గీకడమో, ఆమ్లాన్ని ఎక్కువ సేపు ఉంచడమో చేస్తారు.

ఈనాడు రోగి ముందుకు వచ్చే సిరామిక్‌లు ముఖ్యంగా మూడు తరగతులవి. పూర్వపు పింగాణీ వంశానికి చెందిన ఫెల్డ్‌స్పార్ గాజు అందంలో మేటి. వంపు బలం 60 నుంచి 100 మెగాపాస్కల్ మాత్రమే. లిథియం డైసిలికేట్ బలం 360 నుంచి 500 దాకా. గాజు జాతిదే కాబట్టి ఆమ్లంతో గరుకు చేసి పంటికి గట్టిగా అతికించవచ్చు, వెలుగును పంటిలాగే లోనికి రానిస్తుంది. దీన్ని మైనపు ఆకారం కాల్చేసి ఏర్పడిన అచ్చులోకి కరిగించి నొక్కుతారు, లేదా ఊదారంగు దిమ్మెలోంచి యంత్రంతో చెక్కి, 850 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తారు. ఊదారంగుది కొలిమిలోంచి పంటి రంగుతో బయటికి రావడం తొలిసారి చూసేవారిని ఆశ్చర్యపరుస్తుంది. అరిగిన పళ్లకు ఒక మిల్లీమీటరు మందాన అతికించదగిన పదార్థాల్లో దీనికే ఎక్కువ ఓటు.

మూడోది జిర్కోనియా. బలం 1000 మెగాపాస్కల్ పైమాటే. దీని రహస్యం పగులు దగ్గర ఉంది. పగులు కొన చేరుకోగానే అక్కడి స్ఫటికాలు రూపం మార్చుకుని సుమారు 4 శాతం ఉబ్బి, ఆ పగులును రెండు వైపుల నుంచీ నొక్కి ఆపుతాయి. సుద్దముక్కలా మెత్తగా ఉండే బిళ్లలోంచి తొడుగును చెక్కి, తరువాత 1500 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కాలినప్పుడు ఐదో వంతు కుంచించుకుపోతుంది కాబట్టి యంత్రం మొదటే అంతమేరకు పెద్దదిగా చెక్కుతుంది. దుషాతోకు కొరకరాని కొయ్యగా మారిన కుంచన సమస్యను ఇప్పుడు కంప్యూటరు ముందే లెక్కగట్టేస్తోంది. జిర్కోనియాకు మూలం సముద్రతీరపు ఇసుకలో దొరికే జిర్కాన్ ఖనిజం. భీమిలి తీరపు ఇసుకలోనూ అది ఉంది. హైదరాబాద్ న్యూక్లియర్ ఫ్యూయెల్ కాంప్లెక్స్‌లో అణు ఇంధన గొట్టాలకు వాడే జిర్కోనియం లోహానికీ ముడిసరుకు అదే. జిర్కోనియాలో గాజు లేదు కనుక ఆమ్లం దాన్ని గరుకు చేయలేదు. అల్యూమినా పొడి ఊది, ఫాస్ఫేటు జాతి ప్రైమరు పూసి అతికించాలి. జిర్కోనియాలో ఎక్కువ వెలుగును రానిచ్చే కొత్త రకాలు అందంగా ఉంటాయి, బలంలో పాత రకానికి సాటిరావు. క్యాటలాగులో పెద్ద అంకె చూపి అమ్మేటప్పుడు ఈ తేడా చెప్పడం తక్కువ.

గట్టి సిరామిక్ ఎదుటి పన్నును అరగదీస్తుందన్న భయం చాలామందిలో ఉంది. అందులో నిజం సగమే. అరగదీసేది గట్టితనం కన్నా గరుకుతనం. అద్దంలా పాలిష్ చేసిన జిర్కోనియా ఎదుటి ఎనామిల్‌ను పెద్దగా బాధించదు. గరుకు పింగాణీ దానికంటే ఎక్కువ హాని చేస్తుంది. నోట్లో అమర్చాక ఎత్తు సరిచేయడానికి సిరామిక్‌ను కొద్దిగా గీకడం మామూలే. ఆ గీకిన చోటును వజ్రపు పొడి కలిసిన రబ్బరు బిళ్లలతో తిరిగి నునుపు చేయకుండా రోగిని పంపించడం మాత్రం పొరపాటు.

అతికించే రోజు పని నెమ్మదిగా సాగాలి. పళ్ల చుట్టూ రబ్బరు తెర కట్టి, లాలాజలం, ఊపిరి తేమ తగలకుండా చూసి, ఒక్కొక్క పన్నుకే ఆమ్లం, అతుకు ద్రవం, సిమెంటు వేసి, కాంతితో గట్టిపరుస్తారు. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చాలా ప్రమాదకరం కాబట్టి సిరామిక్‌ను గరుకు చేసే పని నోటి బయటే పూర్తిచేస్తారు. తరువాత పలచటి రంగు కాగితం కొరికించి, అన్ని పళ్లూ ఒకేసారి తగులుతున్నాయా, దవడ పక్కకు జరిగినప్పుడు కోరపళ్లు మిగతావాటిని విడదీస్తున్నాయా చూస్తారు. ఇరవై పైచిలుకు పళ్లు కట్టాల్సి వస్తే ఈ పని ఒక్క పూటలో ముగిసేది కాదు, వంతులవారీగా జరుగుతుంది.

సిరామిక్ ఒక్కటే మందు కాదు. కాంపోజిట్‌తో నేరుగా పళ్లను కట్టే పద్ధతి ఖర్చు తక్కువ, పన్ను గీకే పనీ ఉండదు, విరిగితే అక్కడికక్కడే సరిచేయవచ్చు. అయితే దాని రంగు మారుతుంది, అరుగుతుంది, మరమ్మతు తరచూ కావాలి. వయసు తక్కువగా ఉండి, అరుగుదల కారణం ఇంకా పూర్తిగా అదుపులోకి రానివారికి ముందు కాంపోజిట్, కొన్నేళ్ల తరువాత సిరామిక్ అనే క్రమమే తెలివైనది. విడి సిరామిక్ క్యాపులు ఐదేళ్ల తరువాత వందకు తొంభైకి పైగా నిలుస్తున్నట్టు అధ్యయనాల సారాంశాలు చెబుతాయి. అయితే అలాంటి అధ్యయనాల్లో చాలావాటిలో పళ్లు కొరికేవారిని చేర్చుకోరు. పళ్లు అరిగి వచ్చేవారిలో వారు చాలామందే ఉంటారు కనుక ఆ అంకెను యథాతథంగా నమ్ముకోకూడదు.

పని ముగిశాక రాత్రిపూట గట్టి యాక్రిలిక్ గార్డు పెట్టుకోవడం పళ్లు కొరికేవారికి తప్పనిసరి. అది కొరకడాన్ని మాన్పదు; అరిగేది గార్డు అవుతుంది. పుల్లటివి తిన్నా, తాగినా వెంటనే బ్రష్షు పట్టకుండా మంచినీళ్లతో పుక్కిలించి కొంతసేపు ఆగాలి. ఫ్లోరైడు పేస్టు, మెత్తటి బ్రష్షు, ఆరు నెలలకోసారి పరీక్ష మామూలే.

చికిత్స పూర్తయిన రోజున ప్రతి పన్నుకు వాడిన సిరామిక్ రకం, కంపెనీ పేరు, షేడు, అతికించిన సిమెంటు రాసిన కాగితాన్ని వైద్యుడి దగ్గర అడిగి తీసుకుని దాచుకోవాలి. పదేళ్ల తరువాత మరో ఊళ్లో అంచు విరిగితే, దాన్ని గరుకు చేసే పద్ధతి లిథియం డైసిలికేట్‌కు ఒకటి, జిర్కోనియాకు మరొకటి. చూడడానికి రెండూ ఒకేలా ఉంటాయి.